పక్కింటి గుమ్మం తెలిసినవాళ్లు

బొమ్మలతో రిపోర్టింగ్ చేసే జో సాకో పుస్తకం చేతికొస్తే ముందు ఇళ్లను చూడండి. మనుషుల దగ్గరికి తరవాత వెళ్లొచ్చు. బోస్నియా యుద్ధంలో చిక్కుకున్న గొరాజ్‌దే పట్టణం మీద ఆయన చేసిన కామిక్స్ పుస్తకం ‘సేఫ్ ఏరియా గొరాజ్‌దే’లో ఏదో ఒక ఇల్లు కావాలి కదా అని గీసిన ఇల్లు ఒక్కటీ కనబడదు. ఫిరంగి గుండ్లు తగిలి పెచ్చులూడిన గోడలు, అద్దాలు పోయిన కిటికీలకు ఐక్యరాజ్యసమితి పంచిన ప్లాస్టిక్ పట్టాలు, చలికాలం కోసం పేర్చిపెట్టుకున్న కట్టెలు, పెంకులు ఎగిరిపోయిన చోట బయటపడ్డ దూలాలు. అంతా నల్ల సిరా. రంగు పూసి తప్పించుకునే వీల్లేదు. నీడ కావాలంటే సన్నటి గీత మీద గీత అడ్డంగా వేసుకుంటూ పోవాలి. ఒక్క గోడకు ఎన్ని గీతలు పట్టాయో ఊహించుకుంటే మన మణికట్టు నొప్పెడుతుంది.

పుస్తకం మొదట్లో ఈ ఓపిక చాదస్తంలా కనబడుతుంది. యుద్ధం గురించి చెప్పడానికొచ్చినవాడికి కట్టెల మోపుతో ఏం పని? కొన్ని అధ్యాయాలు గడిచాక సంగతి తెలుస్తుంది. ఈ కథలో తుపాకీ పట్టుకొచ్చినవాడికి ఆ ఇంటి గుమ్మం తెలుసు. ఆ వాకిట్లో కాఫీ తాగాడు, ఆ ఇంటి పిల్లవాడితో కలిసి బడికెళ్లాడు. ద్వేషానికి రూపం లేదు, దాన్ని గీయబోతే కోరలూ ఎర్ర కళ్లూ తప్ప ఏమీ రావు. పరిచయాన్ని మాత్రం గీయొచ్చు. ఇంటికీ ఇంటికీ మధ్య ఎంత దూరం, ఏ కిటికీలోంచి ఏ వాకిలి కనబడుతుంది, ఏ సందు ఎక్కడికి తేలుతుంది అన్నవి చూపిస్తే చాలు. సాకో పనితనమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

సాకో 1960లో మాల్టాలో పుట్టాడు. అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదివాడు. 1993 నుంచి విడి సంచికలుగా వచ్చిన ‘పాలస్తీనా’తో పేరొచ్చింది. 1995 చివర, 1996 మొదట్లో నాలుగుసార్లు గొరాజ్‌దే వెళ్లొచ్చాడు. పుస్తకం మాత్రం 2000లో గానీ రాలేదు. పత్రికల్లో ఆ యుద్ధం పాతబడ్డాక కూడా ఈయన బల్ల దగ్గర కూర్చుని అదే పట్టణం గోడలు గీస్తూనే ఉన్నాడన్నమాట. మరుసటి ఏడు దానికి కామిక్స్‌కు ఇచ్చే ఐస్నర్ అవార్డు ఇచ్చారు.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. టిటో కాలపు యుగోస్లావియాలో బోస్నియా ముస్లింలు, సెర్బులు, క్రొయాట్లు ఒకే భాష మాట్లాడుకుంటూ, ఒకే బడిలో చదువుకుంటూ బతికారు. సోదరభావం, ఐక్యత అన్నది అప్పటి ప్రభుత్వ నినాదం. దానికి ముందు రెండో ప్రపంచయుద్ధంలో ఒకర్నొకరు చంపుకున్న జ్ఞాపకం ముసలివాళ్లలో ఉంది, కానీ దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. దేశం ముక్కలై 1992 ఏప్రిల్లో బోస్నియాలో యుద్ధం మొదలైంది. తూర్పున డ్రీనా నది ఒడ్డునున్న గొరాజ్‌దేను చుట్టూ సెర్బు సైన్యాలు దిగ్బంధించాయి. 1993లో ఐక్యరాజ్యసమితి ఆరు చోట్లను ‘సురక్షిత ప్రాంతాలు’గా ప్రకటించింది. వాటిలో గొరాజ్‌దే ఒకటి, స్రెబ్రెనిత్స ఇంకొకటి. 1995 జులైలో స్రెబ్రెనిత్స పడిపోయాక సెర్బు సైన్యాలు దాదాపు ఎనిమిది వేలమంది మగవాళ్లను, కుర్రాళ్లను చంపేశాయి. గొరాజ్‌దే మాత్రం పడిపోలేదు. పుస్తకం పేరులోని ‘సేఫ్’ ఎంత వెటకారమో ఇక వివరించక్కర్లేదు.

పేజీ ఎలా కట్టాడో ఇప్పుడు చూద్దాం. సాకో పట్టణంలో ఉన్న కాలం, అంటే కాల్పులు ఆగి సంధి మాటలు నడుస్తున్న కాలం, తెల్ల కాగితం మీద ఉంటుంది. గడుల మధ్య ఖాళీ తెలుపు. ఎవరైనా జరిగినదాన్ని చెప్పడం మొదలుపెట్టగానే ఆ ఖాళీ నల్లబడుతుంది, పేజీ అంచులదాకా నలుపు. పుస్తకం మూసి పక్కనుంచి చూస్తే తెల్లటి అంచుల మధ్య నల్లటి చారలు కనబడతాయి. అవే 1992, 1994 సంవత్సరాలు. ఎక్కడ తెరిచినా మనం ఏ కాలంలో ఉన్నామో చదవకముందే తెలిసిపోతుంది. తేలికైన ఉపాయమే. కానీ దాన్ని వాడిన తీరు తేలిక కాదు. చెప్తున్న మనిషి మొహం తిన్నగా మనవైపు చూస్తూ చిన్న గడిలో ఉంటుంది, పక్క గడిలో అతను చెప్పింది జరుగుతుంటుంది, మళ్లీ మొహం. ఆ మొహంలో ఏడుపుండదు. సాకో ఏడిపించడు. కళ్ల కింద రెండు గీతలు ఎక్కువ వేస్తాడు, అంతే.

వాక్యాల అమరిక కూడా గమనించాలి. మామూలు కామిక్స్‌లో కథనం గడి పైన పట్టీలా ఒక్కచోట ఉంటుంది. ఈయన ఒక వాక్యాన్ని నాలుగైదు చిన్న పెట్టెలుగా విరగ్గొట్టి బొమ్మ మీద ఏటవాలుగా చల్లుతాడు. చదివే కన్ను ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు దిగుతూ దారిలో ఉన్న ప్రతి వస్తువునూ తాకాల్సిందే. పరుగెత్తే జనం ఉన్న బొమ్మలో ఆ పెట్టెలే కన్నును పరుగెత్తిస్తాయి. మనిషి నిలబడిపోయిన చోట అవి ఒక్కచోట చేరతాయి. ఇది సినిమాకు, ఫొటోకు చేతకాని పని.

కథకు ఆధారం ఎడిన్ అనే యువకుడు. సరయేవోలో ఇంజనీరింగ్ చదువుతూ యుద్ధం వల్ల గొరాజ్‌దేలోనే ఇరుక్కుపోయాడు. బళ్లో లెక్కలు చెప్తాడు, సాకోకు మాట తర్జుమా చేస్తాడు. అతని స్నేహితుల్లో సెర్బులుండేవాళ్లు. ఆ స్నేహం ఏ పూట తెగిందంటే చెప్పడం కష్టం. ముందు పండగలకు పిలుపులు తగ్గాయి, తరవాత ఎవరి జెండా వాళ్లదైంది, ఇరువైపులా రాత్రి కాపలాలు మొదలయ్యాయి. ఆ తరవాత సెర్బు కుటుంబాలు చెప్పాపెట్టకుండా ఊరు వదిలాయి. ఎందుకు వెళ్లిపోతున్నారో 1992 మే నెలలో మొదటి దాడి జరిగాకే మిగిలినవాళ్లకు తెలిసింది. వెళ్లినవాళ్లకు ముందే తెలుసు. తెలిసీ పక్కింటికి చెప్పలేదు. ఈ పుస్తకంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. తుపాకీ కాల్చినవాడి మీద కోపగించుకోవచ్చు. చెప్పకుండా పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయినవాడి గురించి ఏమనుకోవాలో పాలుపోదు. దీన్ని సాకో ఏ విశేషణం లేకుండా చెప్తాడు. ఏ వీధి, ఏ ఇల్లు, ఎటు వెళ్లారు అన్నదే ఉంటుంది.

డ్రీనా నది మీదే గొరాజ్‌దేకు దిగువన విషెగ్రాద్ అనే ఊరుంది. అక్కడి పాత రాతి వంతెన మీద ఇవో ఆండ్రిచ్ నవల రాశాడు, ఆయనకు 1961లో నోబెల్ వచ్చింది. వేర్వేరు మతాల మనుషులు కలిసి కూర్చుని కబుర్లాడుకునే చోటుగా ఆ వంతెన సాహిత్యంలో నిలిచిపోయింది. 1992లో అదే వంతెన మీదికి ముస్లింలను తీసుకొచ్చి చంపి నదిలో పడేశారు. దగ్గర్లో దాక్కుని చూసిన ఒక మనిషి చెప్తుంటే సాకో గీశాడు. నెత్తురు చూపించడంలో ఆయన మొహమాటపడడు, దాచిపెట్టడు. కానీ ఆ పేజీల్లో కన్ను చివరికి ఆగేది వంతెన మీదే. దాని కమానులను, రాళ్లను ఇళ్లను గీసినంత శ్రద్ధగానే గీశాడు. చంపినవాళ్లు ఎక్కడినుంచో దిగిన రాక్షసులైతే ఇంకో వంతెన వెతుక్కునేవారు. ఊరివాళ్లకు ఊరి వంతెనే తెలుసు.

ఇదంతా చదివాక ఈ పుస్తకం చీకటి గుయ్యారం అనుకుంటారేమో. కాదు. ఇందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన బొమ్మ నదిలో తేలే చక్రాలది. కరెంటు పోయిన పట్టణంలో జనం ఎవరికి దొరికిన సామానుతో వాళ్లు చిన్న చిన్న జల విద్యుత్తు యంత్రాలు కట్టుకున్నారు. తేలే తెప్పల మీద రెక్కల చక్రాలు పెట్టి, డ్రీనా ప్రవాహానికి అవి తిరుగుతుంటే, తీగలు ఒడ్డు మీది ఇళ్లకు లాక్కున్నారు. సాకో ఒక మెకానిక్ చూసినట్టు చూశాడు దాన్ని. ఏది దేనికి కట్టారు, ఎలా తిరుగుతుంది, తీగ ఎటు వెళ్తుంది అన్నీ కనబడతాయి. మా జంషెడ్‌పూర్ టెల్కో ఫ్యాక్టరీ షాప్ ఫ్లోర్‌లో ముప్పై ఏళ్లు పనిచేసినవాళ్లు ఆ పేజీ చూస్తే గంటసేపు కదలరు. అలాగే వంతెన కింద ఇంకో వంతెన: పైన నడిస్తే కొండల మీదినుంచి తుపాకీ గురి పెడతారని, జనం నడిచేందుకు వంతెనకు అడుగున చెక్కల దారి వేలాడదీశారు. ఆశ ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ఇలా బోల్టులు బిగించి ఉంటుందని చూపించొచ్చు.

ఆశ పిచ్చి కోరికలుగానూ ఉంటుంది. కొందరు అమ్మాయిలు సాకోను అడిగేది అమెరికా జీన్స్ ప్యాంట్లు, అదీ ఫలానా నంబరుదే కావాలి. రికీ అనే సైనికుడు అమెరికన్ పాటలు గొంతు చించుకుని పాడతాడు. ఎడిన్‌కు సరయేవో వెళ్లి చదువు పూర్తి చేయాలి. వీటిని సాకో మంచులో మైళ్లకొద్దీ నడిచి పిండి బస్తాలు మోసుకొచ్చిన కథల పక్కనే పెడతాడు. రాత్రివేళ శత్రువు వరసల మధ్యనుంచి గ్రెబాక్ అనే చోటికి వెళ్లిరావడంలో ఎందరో గడ్డకట్టి చనిపోయారు. ఇంకో రచయితైతే జీన్స్ ప్యాంటు అధ్యాయాలు తీసేసేవాడు, విషయం బరువు తగ్గుతుందని. అవి లేకపోతే ఈ పట్టణం బాధితుల జాబితాగా మిగిలేది.

ఇంకో చిత్రం, ఆయన తనను తాను గీసుకునే తీరు. గొరాజ్‌దే మనుషులందరికీ నిజమైన మొహాలు, ఒక్కొక్కరిదీ ఒక్కో ముక్కు, ఒక్కో గడ్డం. తనకు మాత్రం లావు పెదాలు, గుండ్రటి కళ్లద్దాలు, ఆ అద్దాల వెనక కళ్లే లేవు. ‘పాలస్తీనా’లో అందరూ కొంచెం కార్టూన్‌లాగే ఉండేవారు. ఇక్కడికొచ్చేసరికి జనం మొహాలు అసలు రూపానికి దగ్గరయ్యాయి, తాను కార్టూన్‌గానే ఉండిపోయాడు. వినయం కోసం వేసిన వేషమని కొందరంటారు. నాకు అలా అనిపించదు. ఆ కళ్లులేని మనిషి దగ్గర ఐక్యరాజ్యసమితి వాహనంలో ఊరు దాటే అనుమతి ఉంది, మిగిలినవాళ్ల దగ్గర లేదు. ఆయన వస్తాడు, పోతాడు, కాఫీ తాగుతాడు, ఉత్తరాలు మోస్తాడు. ఆ తేడాను ఒక్క పేజీలో కూడా మర్చిపోనివ్వకుండా ఉండాలంటే మొహంలో తేడా ఉండాల్సిందే.

ఈ పుస్తకం చదువుతుంటే నాకు మా ఊరు గుర్తొస్తుంది. నేనుండేది జంషెడ్‌పూర్ గోవింద్‌పూర్‌లో. శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి తాతల కాలంలో టాటా కంపెనీ పనికొచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో బోలెడు. ఒకే షిఫ్టులో బిహారీ, బెంగాలీ, ఒడియా, సంతాల్, పంజాబీ, తెలుగువాళ్లు. హిందువులు, ముస్లింలు, సిక్కులు, క్రైస్తవులు. క్వార్టర్లలో గోడ గోడకు ఆనుకుని బతుకు. ఈ ఊరు కూడా పక్కింటి గుమ్మాన్ని మరోలా చూసింది. మన శ్రీరామనవమికి పందిరి, పానకం, వడపప్పు. ఇక్కడి నవమికి అఖాడాల, అంటే వ్యాయామశాలల, జెండాలు, కర్రసాము, వీధుల్లో ఊరేగింపు. 1979లో ఆ ఊరేగింపు మానగోలో ఏ రోడ్డు మీదుగా వెళ్లాలన్న తగాదా ముదిరి ఏప్రిల్ 11న అల్లర్లు చెలరేగాయి. ప్రభుత్వ లెక్కలో 108 మంది చనిపోయారు, ఎక్కువమంది ముస్లింలు. మతసామరస్యం కోసం పాటుపడిన ఉర్దూ రచయిత జకీ అన్వర్‌ను కూడా ఆ అల్లర్లలో చంపేశారు. జస్టిస్ జితేంద్ర నారాయణ్ కమిషన్ విచారణ జరిపింది. అంతకు పదిహేనేళ్ల ముందు, 1964లో, తూర్పు పాకిస్తాన్‌నుంచి కాందిశీకుల రైళ్లు ఇటుగా వెళ్తున్న రోజుల్లో కూడా ఇక్కడ ఇలాగే నెత్తురు పారింది.

గొరాజ్‌దేకూ జంషెడ్‌పూర్‌కూ పోలిక తేవడం అతి అంటారేమో. నిజమే, అది యుద్ధం, ఇవి అల్లర్లు. అక్కడ మూడున్నరేళ్లు ట్యాంకులు, ఫిరంగులు. ఇక్కడ కర్ఫ్యూ, మిలిటరీ, కొన్నాళ్లకు మళ్లీ ఫ్యాక్టరీ షిఫ్టులు. అయితే కమిషన్ నివేదికలు ఏం చేస్తాయో చూడండి. రోడ్డు నంబరు ఉంటుంది, ఊరేగింపు ఆగిన సమయం ఉంటుంది, ఎవరు ఏ ఉపన్యాసం ఇచ్చారో ఉంటుంది. పక్క క్వార్టర్ వాళ్లు ఆ వారం తలుపు తీశారా లేదా అన్నది ఉండదు. సాకో మొదలుపెట్టేది అక్కడ.

బొమ్మలతో రిపోర్టింగ్ మనకు పరాయి విద్యేమీ కాదు. ఇక్కడికి పొరుగునే ఉన్న మిడ్నపూర్‌లో 1943 కరువు రోజుల్లో చిత్రకారుడు చిత్తప్రసాద్ కాలినడకన తిరిగి, చూసిన మనుషుల్ని ఊళ్ల వివరాలతో సహా నల్ల సిరాలో గీశాడు. ‘హంగ్రీ బెంగాల్’ పేరుతో వచ్చిన ఆ పుస్తకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం జప్తు చేసి తగలబెట్టింది. 1994లో ఒరిజిత్ సేన్ నర్మద మీద ‘రివర్ ఆఫ్ స్టోరీస్’ చేశాడు. 2015లో మాలిక్ సజాద్ తన కశ్మీర్ బాల్యాన్ని ‘మున్ను’గా గీసి, కశ్మీరీలకు హంగుల్ జింక తలలు పెట్టాడు. తెలుగులో ఇంత మంచి గీత ఉన్నవాళ్లు ఇంతమంది ఉండి, ఈ దారిలో దాదాపు ఎవరూ నడవకపోవడం నాకు అర్థం కాదు. కార్టూన్‌కు నవ్వించే ఉద్యోగం తప్ప ఇంకోటి ఇవ్వలేదు మనం.

‘సేఫ్ ఏరియా గొరాజ్‌దే’లో ఒక లోటుంది. ఊరు విడిచి వెళ్లిన సెర్బుల గొంతు ఇందులో దాదాపు వినబడదు. వెళ్లకుండా ఉండిపోయిన కొద్దిమంది సెర్బులను కలిశాడు. వాళ్లు ఇరుపక్కలకూ కానివాళ్లై అనుమానాల మధ్య బతకడం చూపించాడు. కానీ చెప్పకుండా వెళ్లిపోయినవాడు ఆ రాత్రి ఏమనుకున్నాడో అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. చివర్లో పట్టణంలో చాలామందిని ఒకే మాట అడుగుతాడు, సెర్బులతో మళ్లీ కలిసి బతకగలరా అని. ససేమిరా అన్నవాళ్లున్నారు, చేతికి నెత్తురు అంటనివాళ్లతో అయితే చూద్దాం అన్నవాళ్లున్నారు. ఒకే ప్రశ్నకు ఒక్కో మొహం. తీర్పు చెప్పకుండా పక్కపక్కన పెట్టేశాడు. కానీ ఆ ప్రశ్న వేసింది ఒకవైపు వాళ్లకే.

పాతికేళ్ల తరవాత ఆ లోటు పూడ్చుకోవడానికి ఆయన మన దేశానికే రావాల్సొచ్చింది. 2013లో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్‌లో జాట్లకూ ముస్లింలకూ మధ్య జరిగిన అల్లర్ల మీద గీసిన ‘ది వన్స్ అండ్ ఫ్యూచర్ రయట్’ 2025లో వెలువడింది. చెరుకు పొలాల్లో తరతరాలుగా కలిసి పనిచేసిన జనం వాళ్లు. రైతు నాయకుడు మహేంద్రసింగ్ తికైత్ సభల్లో హర హర మహాదేవ్, అల్లాహు అక్బర్ ఒకే వేదిక మీదనుంచి మోగిన నేల అది. ఆ అల్లర్లలో అరవైమందికి పైగా చనిపోయారు, యాభై వేలమందికి పైగా ఇళ్లు వదిలారు. ఈసారి ఆయన రెండు వైపులా వెళ్లాడు. ఊరి పెద్దలు, నాయకులు, అధికారులు, ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు, అందరి మాటా విన్నాడు. ఒకరి కథ ఇంకొకరి కథతో కలవదు. గొరాజ్‌దేలో గీత నిశ్చయంగా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ సాక్షుల మాట ఆయన నమ్మాడు. ఇక్కడ అదే గీత, అదే అడ్డగీతల నీడ, కానీ ఆయన గీసిన సంఘటన జరిగిందో, జరిగిందని చెప్పుకున్నారో మనమే తేల్చుకోవాలి. గొరాజ్‌దే పుస్తకమే నాకు ఎక్కువ నచ్చుతుంది. కష్టమైన పని మాత్రం రెండోదే.

జంషెడ్‌పూర్ మీద అలాంటి పుస్తకం చేయాలనుకునే కుర్రాళ్లు ఎవరైనా ఉంటే సువర్ణరేఖ మీద మానగో వంతెన దగ్గర మొదలుపెట్టాలి. ముందు ఇళ్లు గీసుకోవాలి, పాత ఫొటోలు అడిగి తీసుకోవాలి, ఏ సందు ఎటు తేలుతుందో నడిచి చూడాలి. బస్తీల్లో పాత పెంకుటిళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. 1979 ఏప్రిల్లో ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు అరవై దాటాయి. వాళ్లలో చాలామంది రిటైరై క్వార్టర్ ఖాళీ చేసి సొంత ఊళ్లకు వెళ్లిపోయారు. ఆ వారం తలుపు తీసినవాళ్లెవరో, తీయనివాళ్లెవరో వాళ్లనే అడగాలి, అదీ తొందరగా.